కోత అయ్యాక నేలలో మిగిలిన కాయలు

ప్రజల డబ్బుతో నడిచిన పరిశోధన ప్రజలకు మేలు చేసిందని రాయడానికి మీకు ఎంతసేపు పడుతుంది? నేను ఆ మాట మొదటిసారి ఒక్క మధ్యాహ్నంలో రాసేశాను. అది సగమే నిజమని తెలుసుకోవడానికి మూడు కోతలు పట్టాయి. ఆ సంగతి నలుగురి ముందు ఒప్పుకోవడానికి ఉద్యోగమంతా చాలలేదు, పింఛను పుచ్చుకుంటూ కూడా కొన్నేళ్లు నోరు మూసుకున్నాను.

మూల్యాంకన విభాగంలో కొత్తగా చేరుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఎవరు నా కాగితాల మీద సంతకం పెట్టారు అన్నవి ఇక్కడ ఉండవు. వాటివల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు. ఒక తప్పువల్ల నేర్చుకున్నాను. అది చెబుతాను.

వాన ఎవరిది?

నేను పంతొమ్మిది వందల యాభైల మధ్యలో అనంతపురంలో చేరాను. మెట్ట పంటల పరిశోధనా క్షేత్రంలో శాస్త్రవేత్తలు కొత్త విత్తనం తయారుచేస్తారు. గ్రామసేవకులు దాన్ని ఊళ్లలో పంచుతారు. రైతులు విత్తుతారు. దానివల్ల ఎవరి బతుకులో ఏం మారిందో చూసి రాయడం మా పని. చెప్పడానికి ఇంతే.

అంతకుముందు నేను సభల మనిషిని. ముహూర్తాల మీద, అంటరానితనం మీద, వితంతువుల పెళ్లి మీద గొంతు చించుకుని వాదించినవాణ్ణి. పురోహితుడు ఎదురుగా కూర్చుంటే నాకు ఉత్సాహం రెట్టింపయ్యేది. సైన్సు కోసం ప్రభుత్వం ఉద్యోగమిస్తానంటే ఇంతకన్నా ఏం కావాలనుకున్నాను.

చేరిన రెండో ఏట వానలు బాగా పడ్డాయి. ఆ ఏడు వేరుశనగ విరగ్గాసింది. ఒక ఊళ్లో వరుణజపం చేయించిన పూజారి, ఊరి మధ్యన నిలబడి నాతో అన్నాడు.

“చూస్తివా సారూ, మా జపం యాడికి పోతాది?”

“జపం చేయని ఊళ్లో కూడా పడింది కదా సామీ,” అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గెలిచాననుకుంటూ ఆఫీసుకు వచ్చాను. వచ్చి, ఆ ఏటి దిగుబడి పెరుగుదల మొత్తాన్ని కొత్త విత్తనం ఖాతాలో వేసి రాశాను.

మా పై అధికారి సుబ్బరామయ్య గారు కోస్తా మనిషి. గణితం చదివినవాడు. మాట తక్కువ. నా కాగితం చదివి కళ్లద్దాలు తీసి, “పాత విత్తనం వేసినవాళ్లకి ఎంత పండిందండీ?” అన్నారు.

అడగలేదన్నాను.

“అయితే ఆ పూజారికీ మీకూ తేడా ఏంటి? ఆయన వాన తనదన్నాడు. మీరు మీ విత్తనానిదంటున్నారు.”

ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆ మాటకు ఆయనకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. నేను మొక్కే రకం కాకపోయినా సరే.

తాడు, నాలుగు మేకులు

ఆ తర్వాత ఆయనే నాకు కొలత నేర్పారు. చేలో నచ్చిన చోట కొలవకూడదు. రైతు చూపించిన చోట అసలే కొలవకూడదు. ఏ వరసా లేని అంకెల పట్టీ తెరిచి, అందులో వచ్చిన అంకె ప్రకారం గట్టు నుంచి అన్ని అడుగులు నడిచి, ఆగినచోట నాలుగు మేకులు దిగ్గొట్టి, తాడు కట్టి, ఆ చదరంలోని చెట్లు పీకించి, కాయలు ఒలిపించి తూకం వేయాలి. పాత విత్తనం చేలోనూ అలాగే. రెండూ పోల్చాలి. రైతులకు ఇదంతా వింత. “ఏమప్పా, బావికి నీళ్లు సూస్తాండారా?” అని అడిగేవాళ్లు.

మీకు రెండు మాటలు చెబుతాను, నచ్చకపోయినా వినండి. కొలవకముందు ఎవరింట్లోనూ భోంచేయకండి. జీపు దారి ఉన్న ఊళ్లకే పోయి జిల్లా అంతా చూశామని రాయకండి. జీపు దిగనివాడు రాసిన నివేదికలు నేను చాలా చదివాను. వాటిలో పేదవాళ్లు ఉండరు, ఎందుకంటే వాళ్లు దారి పక్కన ఉండరు.

ఇవన్నీ పాటించాను. పాటించీ తప్పు చేశాను.

సుంకమ్మ అడిగింది

గుమ్మఘట్ట దాటాక కన్నడం, తెలుగు కలిసి వినిపించే ఒక ఊరు. పేరు రాయను. అక్కడ మూడేళ్లు వరసగా కొలిచాను. అరవైలు అప్పుడే మొదలయ్యాయి. పాత రకం వేరుశనగ నేలమీద తీగలా పాకేది. కొత్తది గుబురుగా నిలబడేది, తొందరగా కోతకొచ్చేది. వాన ముందుగా ముఖం చాటేసిన ఏడు కూడా ఎంతో కొంత చేతికొచ్చేది. ఇది చిన్న విషయం కాదు. ఆ నేలమీద పుట్టినవాళ్లకు తెలుసు. దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త వెంకటేశం గారు ఎండలో నల్లబడిపోయిన మనిషి. ఒక్కో చెట్టునూ పేరు పెట్టి పిలిచేంత దగ్గరితనంతో ఆ పని చేశారు.

మొదటి రెండు కోతల్లో కొత్త రకం బాగా ముందుంది. మూడో కోతలో ఓబిరెడ్డి అనే రైతు చేలో తాడు కడుతుంటే గట్టుమీద ఒక ఆడమనిషి కూర్చుని చూస్తోంది. చేతిలో కలుపు తీసే చిన్న తొలిక. పేరు సుంకమ్మ. భర్త లేడు. సెంటు నేల లేదు. కూలికి శెనిక్కాయ పీకే ఆడవాళ్లలో పెద్దది. వాళ్ల తరఫున మాట్లాడేది ఆమే.

“ఏం కొలుస్తాండావు సామీ?”

“కొత్త విత్తనంతో పంట ఎంత పెరిగిందో చూస్తాండానమ్మా.”

“ఎవురికి పెరిగింది?”

“అందరికీ.”

ఆమె పక్కనున్న ఆడవాళ్ల వైపు తిరిగింది. “ఇనండ్రే, అందురికీ పెరిగిందంట. మీ ఇండ్లల్లో మూటలు యాడ దాసినారో సూపీయండి సారుకు.”

పకపకా నవ్వారు. నాకు చురుక్కుమంది. “వెటకారం కాదమ్మా, సంగతేందో చెప్పు,” అన్నాను.

ఆమె లేచి వచ్చి కొత్త రకం చెట్టు ఒకటి పట్టుకుని లాగింది. కాయలన్నీ వేళ్లకు గుత్తుగా అంటుకుని పైకొచ్చాయి. ఆ గుంటలో తొలికతో గెలికింది. ఒక్క కాయ దొరికింది. తర్వాత నన్ను పక్క చేలోకి పిలుచుకుపోయింది. అది పాత రకం. తీగ పట్టుకుని లాగింది. కొన్ని కాయలు వచ్చాయి, కొన్ని తెగి నేలలోనే ఉండిపోయాయి. అక్కడే కూర్చుని గెలకడం మొదలుపెట్టింది. కాయలు ఒకటొకటిగా బయటపడ్డాయి. కొంగులో వేసుకుంటూ అంది.

“ఇది రెడ్డి పంట కాదు సామీ. ఇది మా పంట. దీన్ని కొలిసినావా?”

మీలో పట్నంవాళ్లకు ఇది చెప్పాలి. ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. రైతు చివరి మోపు ఎత్తుకుని “చేను ఇడిసినాం” అని కేక వేస్తే, పశువులను తోలేదాకా ఆ నేలలో మిగిలిందంతా పీకినవాళ్లది. దాన్ని పరిగె అంటారు. కూలిగా వచ్చే గంప కాయలు కోత రోజులకే సరిపోయేవి. చలికాలమంతా పిల్లల నోట్లోకి పోయేది పరిగె కాయలే. కొత్త రకం వచ్చాక కట్టుబాటు అలాగే ఉంది. రైతులు ఇప్పటికీ కేక వేస్తున్నారు. నేలలో మాత్రం ఏమీ ఉండటం లేదు.

ఆ గట్టుమీదే కూర్చుని నా లెక్కల పుస్తకం మళ్లీ తెరిచాను. మూడేళ్లుగా నేను పాత రకంలో తూచింది రైతు ఇంటికి పోయే కాయలనే. నేలలో మిగిలినవి తూచలేదు. కొత్త రకంలో అన్నీ పైకొచ్చాయి కాబట్టి అన్నీ తూచాను. ఆ రెంటి తేడాకు పెరుగుదల అని పేరు పెట్టాను. అందులో కొంత నిజంగా పెరిగిందే. మిగిలింది సుంకమ్మ కొంగులోంచి ఓబిరెడ్డి ఇంటికి పోయిన కాయలు. అంకెల పట్టీ, తాడు, మేకులు అన్నీ సరిగానే ఉన్నాయి. వాటిని పట్టుకున్నవాడికే ఎవరి పంట కొలవాలో తెలియలేదు.

రెండు రోజులు అక్కడే ఉండి మళ్లీ కొలిచాను. పాత రకం చదరాలన్నింటినీ పీకించాక, తవ్వించి, జల్లెడ పట్టించి తూకం వేయించాను. ఆడవాళ్లు ఉత్సాహంగా తవ్వారు. వచ్చిన అంకె ఇక్కడ రాయను. ఆ కాగితం ఇప్పుడు నా దగ్గర లేదు. జ్ఞాపకం మీద అంకెలు చెప్పేవాళ్లను నేను జీవితమంతా తిట్టాను. చిన్న అంకె మాత్రం కాదు.

ఓబిరెడ్డిని అడిగాను. అతను చెడ్డవాడు కాదు.

“నిజమే సార్. వాళ్లకు నష్టమే. కూలి గంప ఇంకొంచెం పెంచితే సరిపోతాది. అందరూ పెంచితే నేనూ పెంచుతా. నేనొక్కన్నే పెంచితే ఊరు నన్ను చూసి నవ్వుతాది.”

“ప్రభుత్వ విత్తనం తీసుకునేవాళ్లంతా గంప పెంచాలని షరతు పెడితే?”

“పెట్టించు. ఇత్తనం కావాలంటే ఎవురైనా ఒప్పుకుంటారు. ఎవురొద్దంటారు?”

అంత సులువుగా తేలిపోయే విషయం. సుంకమ్మకు చెప్పాను. “రాస్తానమ్మా, వచ్చే కోతకే గంప పెరిగేట్టు రాస్తాను.”

“నిజంగానా?” అంది ఆమె. అప్పుడు నవ్వలేదు.

ఒక పేరా

రాశాను. కొత్త రకం మంచిదని రాశాను. పెరుగుదలలో కొంత భాగం నేల లేనివాళ్ల పరిగె నుంచి వచ్చిందని ఒక పేరా రాశాను. విత్తనం పంపిణీకి కూలి గంప షరతు పెట్టాలని సిఫారసు చేశాను.

సుబ్బరామయ్య గారు రెండుసార్లు చదివారు. “కొలత బాగుంది. చాలా బాగుంది,” అన్నారు. తర్వాత, “ఈ పేరా ఈసారికి వద్దులెండి,” అన్నారు.

సంగతేమిటంటే, పరిశోధనా క్షేత్రం ఉంచాలా మూసేయాలా అని తేల్చడానికి ఒక సంఘం కూర్చోబోతోంది. అందులో ఒక పెద్దమనిషికి ఈ పరిశోధనలంటే మంట. చదువుకున్నవాళ్లు ప్రజల సొమ్ముతో ఆటలాడుతున్నారని సభల్లో అనేవాడు. ఆయన చేతికి ఈ పేరా చిక్కితే క్షేత్రం మూతపడుతుందని మా వాళ్ల భయం. ఆ భయం ఉత్తది కాదు.

సాయంత్రం వెంకటేశం గారు మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ చేతిలోనే చల్లారిపోయింది.

“నేను అబద్ధం రాయమనట్లేదండీ. కొంచెం తక్కువ రాయమంటున్నాను.”

“సుంకమ్మ సంగతేంటి?”

“క్షేత్రం నిలబడితే ఇంకా మంచి రకాలు వస్తాయి. అప్పుడు ఆవిడక్కూడా ఏదో చేయొచ్చు. ఇప్పుడు మూతపడితే ఎవరికీ ఏమీ ఉండదు. మీరు సైన్సు మనిషి. మీరే ఈ పేరాను మనమంటే గిట్టనివాళ్ల చేతికిస్తారా?”

ఆ చివరి మాటకు నేను లొంగిపోయాను. సభల్లో నేర్చుకున్నది అదే మరి. ఎదుటివాడికి ఒక్క పాయింటు కూడా ఇవ్వకూడదు. మన వైపు తప్పుంటే కప్పుకుని, గెలిచాక చూసుకోవాలి. పదిహేనేళ్లు వేదికల మీద అలాగే గెలిచాను. మూల్యాంకనం వాదోపవాదం కాదని, అక్కడ అవతలి పక్షమంటూ ఎవరూ ఉండరని నాకు తట్టలేదు. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. ఉత్తర్వు రాలేదు. బెదిరింపు లేదు. నేనే కలం తీసి ఆ పేరా మీద అడ్డంగా గీత గీశాను. కింద సిఫారసు కూడా కొట్టేశాను.

పూజారులను నేను ఏమని తిట్టేవాణ్ణి? దేవుడికి మచ్చ రాకూడదని జరిగింది దాచిపెడతారని. నేను చేసింది అచ్చం అదే. కాకపోతే నా దేవుడికి పేరు వేరు.

క్షేత్రం నిలబడింది. కొత్త రకం తాలూకా అంతా పాకింది. నా నివేదికను మెచ్చుకున్నారు.

‘రాసినా’ అన్న మాట

మరుసటి కోతకు మళ్లీ ఆ ఊరు పోవలసి వచ్చింది. సుంకమ్మ దూరం నుంచే చూసి వచ్చింది.

“రాసినావా సామీ?”

“రాసినానమ్మా,” అన్నాను.

అది అబద్ధం కాదు కదా అని ఆ క్షణం నా బుర్ర నాకు చెప్పింది. రాశాను, నిజమే. కొట్టేశాననే మాట నోట్లోంచి రాలేదు.

“మరి గంప పెరగల్యా?”

“ప్రభుత్వం పని కదా, నిదానం.”

“సరే, రాసినావు గదా,” అని ఆమె తృప్తిగా వెనక్కి తిరిగి, మిగతావాళ్లకు గట్టిగా చెప్పింది. “సారు రాసినాడంటనే! వచ్చే కోతకు గంప పెరుగుతాది. మనం యాడికీ పోవద్దు.”

యాడికీ పోవద్దు అన్నదేమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. తొందరగా జీపెక్కాను.

ఏడాది తిరిగాక ఓబిరెడ్డి చెప్పాడు. ఆ కోతలు ముగిసిన రోజుల్లో తుంగభద్ర కాలవ కింద పత్తి పనులకు మనుషుల కోసం ఒక మేస్త్రీ వచ్చాడట. పక్క ఊళ్ల నుంచి కూలివాళ్లు గుంపులుగా పోయారు. ఈ ఊరి ఆడవాళ్లు మాత్రం పోలేదు. గంప పెరుగుతుందని ప్రభుత్వం సారు చెప్పాడు, ఊరిడిచి ఎందుకు పోవాల అని సుంకమ్మే ఆపిందట. ఆ ఎండాకాలం ఊళ్లో పని లేదు. నేలలో పరిగె లేదు. ఆమెకున్న రెండు మేకలు పోయాయి. తర్వాతి కోతకూ గంప పెరగలేదు. ఆపినందుకు తోటి ఆడవాళ్లే ఆమెను తిట్టారు. “సారు రాసినాడంట, సారు రాసినాడంట” అని ఎకసెక్కాలాడారు.

“మరి ఆమె ఏమనేది?”

ఓబిరెడ్డి తల దించుకున్నాడు. “రాసినాడు, పైవాళ్లు ఇయ్యల్య అని మీ తరపునే కొట్లాడేది సార్. కడాకు ఆమె గూడా ఊరిడిసింది. ఇంటికి కంప అడ్డమేసి పోయింది. యాడుండాదో తెల్దు.”

నన్ను సమర్థిస్తూ ఆమె తిట్లు తింది. నాకు శిక్ష అంటే అదే. దానికి అప్పీలు లేదు.

సుబ్బరామయ్య గారికి చెప్పాను. అప్పటికి ఆయన బదిలీకి సర్దుకుంటున్నారు. “మనమిద్దరం చేసిన తప్పండీ,” అన్నారు. ఆయన పెద్దమనిషి కాబట్టి సగం తీసుకున్నారు. గీత గీసిన చేయి నాది. వెంకటేశం గారికి కూడా చెప్పాను. ఆయన కిటికీలోంచి చెట్లను చూస్తూ, “నాకు ముందే చెబితే రకం తయారుచేసేటప్పుడే ఆలోచించేవాణ్ణేమో,” అన్నారు. అదీ నిజమే. పంట ఎవరి చేతికి పోతుందో ఆయన్ను ఎవరూ అడగలేదు. ఆయనా ఎవరినీ అడగలేదు.

దిద్దలేనిది

నేను ఇప్పటికీ సైన్సు పక్షమే. నా మాటలు పట్టుకుని పరిశోధనలు దండగ అనేవాళ్లు వస్తే వాళ్లతో ఇప్పుడైనా కొట్లాడతాను, గొంతు లేకపోయినా. ఆ విత్తనం మంచిది. కరువు ఏట చాలామందికి తిండి పెట్టింది. దానివల్ల నష్టపోయినవాళ్లు కూడా ఉన్నారు, ఆ నష్టం తీర్చడానికి దారి కూడా ఉండింది. ఈ మాటలన్నీ ఒకే కాగితం మీద రాయగలిగే ధైర్యమే మన ఉద్యోగం. మిగిలిందంతా గుమాస్తా పని. నేను గుమాస్తా పని చాలా ఏళ్లు శ్రద్ధగా చేశాను.

ఆ తప్పు ఇక దిద్దడం నావల్ల కాదు. మళ్లీ కొలుద్దామంటే ఆ పాకే రకం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. పోల్చడానికి చేను లేదు. ఈ మధ్య మన విభాగంలోని ఒకాయన నన్ను చూడటానికి వచ్చి, నా పాత నివేదికలోని పెరుగుదల అంకెను ఇంకా వాడుతున్నామని గౌరవంగా చెప్పాడు. అది తప్పని అప్పుడే చెప్పాల్సింది. ఓపిక లేక ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం కూడా తప్పే. అందుకే ఇదంతా రాశాను.

ఆ అంకెను మీ కాగితాల్లోంచి తీసేయండి. ఎందుకు తీసేశారో నా పేరుతో సహా పక్కన రాయండి. ఇప్పుడు మీ జిల్లాల్లో ఏ కొత్త విత్తనం, ఏ కొత్త యంత్రం దిగుతోందో చూడండి. పాతది పూర్తిగా మాయమయ్యేలోపల, ఈ కోతకే పొండి. నేల ఉన్నవాడి దగ్గర లెక్క తీసుకున్నాక అక్కడితో ఆగకండి. పాత పద్ధతిలో ఎవరి చేతికి ఏం దక్కేదో వాళ్లనే అడిగి, వాళ్ల ముందే కొలవండి. వాళ్లకు మాట ఇస్తే, అది ఏమైందో మీరే పోయి చెప్పండి, ఏమీ కాకపోతే అదీ చెప్పండి. మీరు రాసిన పేరా తీసేయమని ఎవరైనా అంటే, ఎంత మంచివాళ్లయినా, ఎంత మంచి కారణం చెప్పినా, కలం వాళ్ల చేతికే ఇచ్చి సంతకం పెట్టి కొట్టేయమనండి. మీ చేత్తో మాత్రం కొట్టేయకండి.